తండ్రి పోయాక మెడికల్ షాపు లైసెన్స్ ఎవరిది? ములుగు రోడ్డు మీది ఒక కేసు

హనుమకొండ నుంచి ములుగు పోయే దారిలో ఒక మండల కేంద్రం. బస్టాండు దగ్గర పదిహేనేళ్ల నాటి మెడికల్ షాపు. 2023 నవంబరు 18న యజమాని గుండెపోటుతో చనిపోయారు. షాపు ఆగలేదు. దినాలు కాగానే చిన్న కొడుకు కౌంటర్లో కూర్చున్నాడు. 2024 జనవరిలో సంక్రాంతి అయిన వారం డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చారు. తర్వాత కొద్ది రోజులకే షోకాజ్ నోటీసు వచ్చింది. ఆ నోటీసు పట్టుకొనే కొడుకు నా దగ్గరికి వచ్చాడు.

నేను హనుమకొండలో మందుల షాపుల లైసెన్స్ ఫైళ్లు చూసే ఫార్మసిస్టుని. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, పేర్లు, ఊరు మాత్రం చెప్పను. ఈ కేసు గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. నోటీసు అడిగింది ఫార్మసిస్టు గురించి. ఇంట్లో వాళ్ల టెన్షన్ కూడా దాని గురించే. అసలు గండం మాత్రం తండ్రి డెత్ సర్టిఫికెట్ మీది తేదీలో ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

షాపుకొక లైసెన్స్, మనిషికొకటి

మందుల షాపు నడవాలంటే రెండు వేర్వేరు అనుమతులు కావాలి, వాటిని ఇచ్చేది రెండు వేర్వేరు వ్యవస్థలు. షాపుకి లైసెన్స్ ఇచ్చేది రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్. చట్టం కేంద్రానిదే, 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 1945 నాటి రూల్స్. అమలు మాత్రం రాష్ట్రానిది. మనిషికి రిజిస్ట్రేషన్ ఇచ్చేది 1948 ఫార్మసీ చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్. డి.ఫార్మ్ గానీ బి.ఫార్మ్ గానీ పాసై కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కితేనే రిజిస్టర్డ్ ఫార్మసిస్టు అవుతారు. డిగ్రీ పట్టా ఒక్కటే ఉంటే చాలదు.

ఈ రెండూ కలిసేది కౌంటర్ దగ్గర. డాక్టర్ చీటీ మీద ఇచ్చే ఏ మందైనా రిజిస్టర్డ్ ఫార్మసిస్టు స్వయంగా ఇవ్వాలి, లేదా ఆయన ఎదురుగా ఉండి ఇప్పించాలి అని 65వ రూల్ చెబుతుంది. అంటే షాపు లైసెన్స్ ఎంత గట్టిగా ఉన్నా, లోపల ఆ మనిషి లేకపోతే అక్కడ జరిగే అమ్మకం తప్పే. మన దగ్గర ఏళ్ల తరబడి తెగుతున్న అతుకు ఇదే. 'సర్టిఫికెట్ పెట్టుకోవడం' అనే మాట తెలియని మెడికల్ షాపు ఓనర్ వరంగల్ చుట్టుపక్కల ఉండడు. ఫార్మసిస్టు ఎక్కడో ఉద్యోగం చేసుకుంటాడు, ఆయన సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఇక్కడి గోడకు వేలాడుతుంది, నెల నెలా ఆయన ఖాతాలో కొంత డబ్బు పడుతుంది.

ఈ షాపులోనూ అదే నడిచింది. సర్టిఫికెట్ అదే మండలం కుర్రాడిది. మొదట రెండు మూడేళ్లు నిజంగానే షాపులో పనిచేశాడు. తాను మందుల పేర్లు నేర్చుకున్నది అతని దగ్గరే అని చిన్న కొడుకు చెప్పాడు. 2021లో హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరాడు. సర్టిఫికెట్ ఇక్కడే ఉండిపోయింది, నెలకు 5,000 వెళ్తూ వచ్చింది. లైసెన్స్ షరతుల ప్రకారం ఫార్మసిస్టు మారితే నెల లోపల అధికారికి తెలియజేయాలి. ఎవరూ చెప్పలేదు. కాగితం మీద మారినవాళ్లు ఎవరూ లేరు కదా.

తనిఖీలో దొరికినవి

ఇన్‌స్పెక్టర్ మేడం వచ్చేసరికి కొడుకు ఒక్కడే ఉన్నాడు. చదివింది బీకాం. ఫారం 35 అనే ఇన్‌స్పెక్షన్ బుక్‌లో ఆమె రాసిన విషయాలు ఇవి: వచ్చిన సమయానికి ఫార్మసిస్టు లేరు, ఆ ఉదయం నుంచి చీటీల మీద ఇచ్చిన మందుల బిల్లులపై ఫార్మసిస్టు సంతకం లేదు, షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ గత ఏడాది మధ్యలో ఆగిపోయింది.

హెచ్1 గురించి రెండు మాటలు. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న జాబితా ఇది. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయోటిక్స్, అల్‌ప్రజోలం లాంటి నిద్ర, ఆందోళన మందులు, టీబీ మందులు ఇందులో ఉన్నాయి. వీటిని అమ్మినప్పుడు రాసిన డాక్టర్ పేరు, చిరునామా, పేషెంట్ పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారు అనేది విడిగా ఒక రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. పల్లె షాపులో ఈ రిజిస్టర్ ఖాళీగా ఉంటే కారణం ఒక్క బద్ధకమే కాదు. కొనేవాళ్లలో ఆర్ఎంపీలు ఎక్కువ, వాళ్లు చీటీ తేరు, డబ్బాలకు డబ్బాలు తీసుకుపోతారు. రిటైల్ లైసెన్స్ మీద అలా ఇవ్వడమే కుదరదు, ఇక ఏ డాక్టర్ పేరు రాస్తారు? ఖాళీ గడులు చూస్తే ఇన్‌స్పెక్టర్లకు ఈ సంగతి అర్థమైపోతుంది. ఈసారి ఆ దారిలో ఎక్కువ ప్రశ్నలు రాలేదు.

ఒక్క విషయంలో షాపు గట్టిగా నిలబడింది. కొనుగోలు బిల్లులన్నీ ఉన్నాయి. తండ్రి ప్రతి హోల్‌సేలర్ బిల్లునూ నెలవారీగా తీగకు గుచ్చి పెట్టేవాడు. సరుకు ఎక్కడిది అని అడిగితే చూపించడానికి కాగితం లేకపోతే కేసు ఇంకో మలుపు తిరిగేది. తీగకు గుచ్చిన ఆ కాగితాల వల్లే నోటీసు 65వ రూల్ దగ్గర ఆగింది.

ఇన్‌స్పెక్టర్ వెళ్తూ వెళ్తూ "ఓనర్ ఎక్కడ?" అని అడిగారు. బాపు పోయారని కొడుకు చెప్పాడు. ఆమె ఆ మాట కూడా బుక్‌లో రాశారు, తేదీ లేకుండా.

నా దగ్గరికి వచ్చిన కాగితం

కొడుకు నోటీసు తెచ్చినప్పుడు అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. షాపుల వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన నమూనా అది. ఫార్మసిస్టు టీ తాగడానికి బయటికి వెళ్లిన సమయంలో తనిఖీ జరిగింది, ఇకపై ఇలా జరగకుండా చూసుకుంటాం అని. ఈ టీ జవాబు రాష్ట్రంలో ఎన్ని ఫైళ్లలో ఉందో! ఫార్మసిస్టులు అన్నిసార్లు టీ తాగితే ఎసిడిటీ మందులు వాళ్లే కొనుక్కోవాలి.

"ఇంకోటి కూడ అనుకుంటున్నం సార్," అన్నాడు. "ఆ అన్నతోని నవంబర్ తేదీ ఏసి రాజీనామా రాయించుకుంట. కొత్త మనిషి దొరకలే అని చెప్తే అయిపోతది గద."

వెనక తేదీ వేసిన కాగితం మీద నేను పని చేయను అని చెప్పాను. నీతి సంగతి అలా ఉంచండి. ఆ కుర్రాడు హైదరాబాద్ ఆసుపత్రిలో 2021 నుంచి జీతం తీసుకుంటున్నాడు, అతని పీఎఫ్ ఖాతాలో నెల నెలా జమలు ఉన్నాయి. 2023 నవంబరు దాకా ఇక్కడ పని చేశాడని మనం రాసి ఇస్తే, ఒకే మనిషి ఒకే సమయంలో రెండు చోట్ల ఉన్నాడని మనమే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు. షాపుతో పాటు కౌన్సిల్ రిజిస్టర్‌లో అతని పేరుకీ ముప్పు. ఫార్మసీ చట్టం 36వ సెక్షన్ కింద రిజిస్టర్ నుంచి పేరు తొలగించే అధికారం కౌన్సిల్‌కి ఉంది.

తర్వాత లైసెన్స్ కాపీ అడిగాను. ఫారం 20, ఫారం 21. మొదటిది మామూలు మందులకు, రెండోది ఇన్సులిన్, టీకాల లాంటి షెడ్యూల్ సి, సి1 మందులకు. రెండింటి మీదా తండ్రి ఒక్కడి పేరే. ఏకవ్యక్తి షాపు. ఇచ్చింది 2009 మార్చిలో.

"రిటెన్షన్ ఫీజు మార్చ్‌ల ఉంది సార్. కడ్త. బాపు ఫోన్ నా తాననే ఉంది, ఓటీపీ అండ్లకే వస్తది."

సమస్య అంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది. 2017 అక్టోబరు చివర్లో రూల్స్ మారాయి. అంతకుముందు అమ్మకం లైసెన్స్‌ని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. మారాక లైసెన్స్‌కి ముగింపు తేదీ లేదు, ఐదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు కడుతూ ఉంటే చాలు. ఆలస్యమైతే నెలకు 2 శాతం చొప్పున జరిమానా, ఆరు నెలలు దాటితే లైసెన్స్ రద్దయినట్టే. మంచి మార్పే, ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గింది. కానీ పాత పద్ధతిలో ఐదేళ్లకోసారైనా ఎవరో ఒకరు ఓనర్ బతికే ఉన్నాడా, ఫార్మసిస్టు ఎవరు, షాపు అక్కడే ఉందా అని చూసేవారు. ఇప్పుడు ఫీజు కట్టేది ఎవరో చూసే కన్ను లేదు. ఫీజు అందింది అంటే లైసెన్స్ బతికే ఉందని జనం అనుకుంటున్నారు. చనిపోయిన మనిషి పేరు మీద రసీదు వస్తుంది గానీ, ఆ రసీదుతో లైసెన్స్ కొడుకుది కాదు.

లైసెన్స్ షరతుల్లో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. యాజమాన్యంలో మార్పు జరిగితే రాతపూర్వకంగా తెలియజేయాలి. మార్పు జరిగిన రోజు నుంచి గరిష్ఠంగా మూడు నెలల వరకే ఆ లైసెన్స్ చెల్లుతుంది, ఈలోగా కొత్త పేరుతో కొత్త లైసెన్స్ తీసుకోవాలి. నవంబరు 18కి మూడు నెలలు కలిపితే ఫిబ్రవరి 18. మేం మాట్లాడుకుంటున్నది జనవరి చివరి వారంలో.

ఆ తేదీ దాటి ఒక్క పారాసిటమాల్ అమ్మినా అది లైసెన్స్ లేని అమ్మకం. ఫార్మసిస్టు లేకపోవడానికి పడేది సాధారణంగా సస్పెన్షన్. లైసెన్స్ లేకుండా అమ్మితే డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 18(సి) సెక్షన్ ఉల్లంఘన, శిక్ష 27(బి)(ii) కింద. తక్కువలో తక్కువ మూడేళ్ల జైలు, ఐదేళ్ల దాకా, పైగా లక్షకు తగ్గని జరిమానా. కొడుకు మొఖంలో రంగు మారింది. ఇంతవరకు ఆ సెక్షన్ గురించి ఎవరూ చెప్పలేదట.

దీని మీద అధికారుల్లో కూడా రెండు రకాల అభిప్రాయాలు విన్నాను. ఆ మూడు నెలల వాక్యం 'ఫర్మ్' గురించి రాసింది, భాగస్వాములు మారితే వర్తిస్తుంది. ఒక్కడే ఓనరైతే అతనితోనే లైసెన్స్ పోతుంది, మూడు నెలలు కూడా ఉండవు అనేది ఒక వాదన. అక్షరాలా చదివితే ఆ వాదనలో బలం ఉంది. నేను చూసిన ఫైళ్లలో మాత్రం కుటుంబం ముందుకొచ్చి చెప్పినప్పుడు మూడు నెలల వెసులుబాటు ఇచ్చారు. ముందుకొచ్చి చెప్పినప్పుడు అనే మాటే ఇక్కడ ముఖ్యం. దాచి, దొరికాక వెసులుబాటు అడగడం కష్టం.

జాతర ముందర మూత

ఈ సలహా ఇంట్లో పెద్ద గొడవ తెచ్చింది. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర. ములుగు రోడ్డు మీద షాపు అంటే జాతర పది రోజులు నొప్పి మాత్రలు, ఓఆర్ఎస్, బ్యాండేజీలు, వాంతుల మందులు చేతికందనంత గిరాకీ. రెండేళ్లకోసారి వచ్చే ఆ గిరాకీకి తండ్రి ముందే సరుకు తెప్పించేవాడు. "జాతర అయినంక బంద్ పెడ్తం సార్, ఒక్క వారమే గద" అని పెద్ద కొడుకు ఫోన్ చేశాడు. ఆయన హనుమకొండలో టీచర్. ఆ ఒక్క వారమే లైసెన్స్ లేని వారం అని చెప్పడం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.

చివరికి తల్లి తేల్చేసింది. "బందు పెట్టుర్రి. ఆయినె పేరు మీద కేసయితే నేను ఊర్లె తలెత్తుకోను."

జవాబు ఇలా రాశాం. లైసెన్సుదారు 2023 నవంబరు 18న మరణించారు, ధ్రువపత్రం జత చేశాం. ఫార్మసిస్టు 2021 నుంచి షాపుకి హాజరు కావడం లేదు, ఈ విషయం సకాలంలో తెలియజేయలేదు. హెచ్1 రిజిస్టర్ నిర్వహణ లోపించింది. ఈ జవాబు ఇస్తున్న రోజు నుంచి షాపులో అమ్మకాలు మేమే ఆపేస్తున్నాం. వారసులు కొత్త లైసెన్స్‌కి దరఖాస్తు చేసుకుంటారు. కొనుగోలు బిల్లులు, ఉన్న సరుకు జాబితా జతపరిచాం. ఇందులో 'క్షమించి' లాంటి మాట ఒక్కసారే ఉంది, 'టీ' లేదు.

పాత ఫార్మసిస్టుని కూడా పిలిపించి, ఆ రోజు తేదీతోనే రాజీనామా రాయమన్నాను. ముందు భయపడ్డాడు, కోపగించుకున్నాడు. పేరు ఇక్కడ అలాగే ఉంటే రేపు తనకే ఎక్కువ నష్టం అని అర్థమయ్యాక రాసిచ్చాడు.

లైసెన్సింగ్ అథారిటీ, అంటే మన దగ్గర అసిస్టెంట్ డైరెక్టర్, విచారణకు పిలిచారు. తల్లి, ఇద్దరు కొడుకులు వెళ్లారు. 66వ రూల్ కింద పది రోజుల సస్పెన్షన్ ఆర్డర్ వచ్చింది. దాని మీద మూడు నెలల లోపు రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీల్ చేసుకోవచ్చు. మేం చేయలేదు, అవసరం లేదు. సస్పెన్షన్ ముగిసేసరికి ఫిబ్రవరి 18 కూడా వచ్చేసింది. షాపు ఎలాగూ మూసే ఉంది. జాతర బస్సులన్నీ మూసిన షట్టర్ ముందు నుంచే పోయాయి. పక్క ఊరి షాపులకి ఆ ఏడాది బాగానే గిట్టింది.

సరుకు విషయం తొందరగా చూడాల్సి వచ్చింది. కొత్త లైసెన్స్ వచ్చాక పాత షాపు సరుకుని కొత్త షాపు లెక్కలోకి తెచ్చుకోవడం చాలామంది చేసే పని, కానీ లైసెన్స్ ఉన్నవాడి దగ్గర బిల్లు మీద కొన్న మందే అమ్మాలి అనేది షరతు. మరణించిన తండ్రి షాపు బిల్లు ఎవరు రాస్తారు? అందుకే జవాబు ఇచ్చిన రోజు నుంచి ఆర్డర్ వచ్చేలోపు వీలైనంత సరుకు హోల్‌సేలర్లకే వాపసు పంపి క్రెడిట్ నోట్లు తీసుకున్నారు. ముందు ఫ్రిజ్ ఖాళీ చేశారు, ఇన్సులిన్ లాంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, మూసిన షాపులో కరెంటు పోతే చూసేవాళ్లుండరు. వరంగల్ హోల్‌సేలర్లు కొంత కోత కోసుకుని మిగతాది తీసుకున్నారు. కత్తిరించిన స్ట్రిప్పులు ఎవరూ తీసుకోరు. వాటికి విడిగా జాబితా రాసి పక్కన పెట్టించాను.

కొత్త లైసెన్స్ ఎవరి పేరున?

ఇక్కడ కేసు సగం చట్టం, సగం కుటుంబం. చిన్న కొడుకు మొదట ఫారం 20ఎ, 21ఎ గురించి అడిగాడు. ఫార్మసిస్టు అవసరం లేని పరిమిత లైసెన్స్ అది, ఎవరో చెప్పారట. నిజమే, ఉంది. కానీ దాని మీద డాక్టర్ చీటీ మందులు అమ్మరాదు. కిరాణా షాపులో దగ్గు బిళ్లలు అమ్ముకోవడానికి పనికొస్తుంది, పదిహేనేళ్ల మెడికల్ షాపు దాంతో బతకదు.

రెండో దారి కొడుకు పేరు మీద కొత్త లైసెన్స్, జీతానికి ఫార్మసిస్టు. ఇద్దరు ముగ్గురితో మాట్లాడాం. షాపులో నిజంగా కూర్చోవాలి అనగానే నెలకు 20,000 పైన అడిగారు. ఒకతను కూర్చోకుండా అయితే 6,000 చాలు అన్నాడు, అదేదో డిస్కౌంట్ అన్నట్టు. బి.ఫార్మ్ చదివినవాళ్లలో చాలామంది హైదరాబాద్ కంపెనీలకో ఆసుపత్రులకో పోతున్నారు. మండల కేంద్రంలో రోజంతా కౌంటర్ దగ్గర నిలబడే మనిషికి న్యాయమైన జీతం ఇవ్వగలిగే షాపులు తక్కువ. సర్టిఫికెట్ అద్దె బేరం పుట్టేది ఇక్కడే, తనిఖీలు పెంచినంత మాత్రాన ఇది పోదు అని నా అభిప్రాయం.

మూడో దారి వాళ్లింట్లోనే ఉంది. పెద్ద కోడలు 2011లో కాకతీయ యూనివర్సిటీలో బి.ఫార్మ్ పాసైంది. పెళ్లి, పిల్లలు అయ్యాక ఉద్యోగం చేయలేదు. ఆమె సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఇంటి వాళ్ల చదువుల గురించి అడిగితే బయటికొచ్చింది. "వదినెకు సర్టిఫికెట్ ఉన్నదా?" అని చిన్న కొడుకే ఆశ్చర్యపోయాడు.

ఉంది, కానీ చెల్లదు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయింది. 2014లో రాష్ట్రం విడిపోయి తెలంగాణకు విడిగా కౌన్సిల్ వచ్చింది, ఆమె పేరు ఇటు మార్చుకోలేదు. రెన్యువల్ ఫీజు కూడా కట్టలేదు. ఫీజు కట్టకపోతే రిజిస్టర్ నుంచి పేరు తీసేసే వీలు ఫార్మసీ చట్టం 34వ సెక్షన్‌లో ఉంది, తిరిగి చేర్చుకునే వీలు కూడా చట్టంలోనే ఉంది. పాత కార్డు, డిగ్రీ, మార్కుల మెమోలు, పెళ్లి తర్వాత మారిన ఇంటిపేరుకి రుజువు, బకాయి ఫీజు. ఇంటిపేరు దగ్గరే ఎక్కువ రోజులు పోయాయి. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. చదువుకున్న ఆడపిల్లలు ఈ ఒక్క కారణం మీద ఎన్ని కౌంటర్ల దగ్గర ఆగిపోతారో రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. మార్చి మొదట్లో తెలంగాణ రిజిస్టర్‌లో పేరు ఎక్కింది.

అయితే లైసెన్స్ ఎవరి పేరున? చిన్న కొడుకుది న్యాయమైన బాధే. షాపు నడిపింది తను, తండ్రి పక్కన నిలబడి పని నేర్చుకున్నది తను. వదిన పేరు మీద లైసెన్స్ వస్తే షాపు అన్నవాళ్లదవుతుందని భయం. వదిన వైపు బాధ కూడా న్యాయమైనదే. "నేను కూసుంట, సంతకం పెడ్త, తప్పైతే నా రిజిస్ట్రేషనే పోతది. అట్లాంటప్పుడు నేను జీతగత్తెనెందుకైత?" అని ఆమె సూటిగా అడిగింది. నాకు నచ్చిన ప్రశ్న అది.

నా సలహా ఆమె ఒక్కరి పేరు మీదే, ఓనర్-ఫార్మసిస్టుగా తీసుకోమని. లైసెన్స్ దృష్ట్యా అంతకన్నా గట్టి ఏర్పాటు లేదు. షాపు, మనిషి ఒక్కటే అయినప్పుడు అతుకే ఉండదు. కుటుంబం ఒప్పుకోలేదు, పార్ట్‌నర్‌షిప్ అన్నారు. వదిన, చిన్న కొడుకు చెరి సగం. అది వాళ్ల ఇష్టం, చట్టం ఒప్పుకునేదే. ఒక్క హెచ్చరిక చెప్పాను: ఎవరు బయటికి పోయినా, ఎవరు కొత్తగా వచ్చినా, ఎవరికేమైనా మళ్లీ యాజమాన్యం మారినట్టే, మళ్లీ మూడు నెలల లెక్క మొదలు. డీడ్‌లో ఆ సందర్భంలో ఎవరు, ఎన్ని రోజుల్లో అధికారికి తెలియజేయాలో ఒక క్లాజు రాయించాం. మామూలుగా డీడ్ రాసేవాళ్లు లాభనష్టాల దగ్గరే ఆగిపోతారు.

మిగతాది వేగంగా సాగింది. మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, తల్లి, పెద్ద కొడుకుల అభ్యంతరం లేదనే అఫిడవిట్లు, ఫారం 19 దరఖాస్తు, ఫారం 20, 21లకు 1,500 చొప్పున చలాన్, షాపు ప్లాన్. రిటైల్‌కి కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి, వీళ్లది అంతకన్నా పెద్దదే. కిరాయి కాగితం మళ్లీ రాయించాల్సి వచ్చింది. పాత కాగితంలో ఉమ్మడి వరంగల్ జిల్లా అని ఉంది. 2016లోనూ, ఆ తర్వాతా జిల్లాలు మారాయి, మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో అదే అన్ని కాగితాల మీదా ఒకేలా ఉండాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఫ్రిజ్ పనిచేస్తుందా, ఫార్మసిస్టు స్వయంగా ఉన్నారా చూసి వెళ్లారు. ఏప్రిల్ మొదటి వారంలో లైసెన్స్ వచ్చింది. తండ్రి పేరు మీది రిటెన్షన్ ఫీజు కట్టలేదు, పాత లైసెన్స్ పత్రాలు ఆఫీసుకి తిరిగి ఇచ్చేశారు.

షాపు వేళలు

తెరిచాక కొత్త తగవు వచ్చింది. తండ్రి కాలంలో షాపు పొద్దున ఎనిమిదికి తెరిచి రాత్రి పదికి మూసేవారు. వదిన హనుమకొండ నుంచి బస్సులో వచ్చి పోవాలి, పిల్లల బడి ఉంది. ఆమె తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా ఉండగలదు. మండలంలో గిరాకీ మాత్రం సాయంత్రమే, ప్రైవేట్ డాక్టర్లు కూర్చునేది అప్పుడే. ఐదున్నరకు షట్టర్ దించడం అంటే చిన్న కొడుకు ప్రాణం ఒప్పలేదు. ఆమె వెళ్లాక చీటీ లేని వస్తువులు అమ్ముకుంటా, చీటీ మందులు ముట్టను అన్నాడు. రూల్ మాటల ప్రకారం అది అసాధ్యం కాదు. ఆచరణలో, చంటిపిల్ల జ్వరంతో తల్లి చీటీ పట్టుకుని ఏడింటికి వస్తే ఎవరు కాదంటారు? ఇచ్చేస్తారు. మళ్లీ సంతకం లేని బిల్లు.

మొదటి రెండు నెలలు ఐదున్నరకే మూశారు. లెక్క చూస్తే సాయంత్రం గిరాకీ లేక నెలకు పోయేది ఇంకో ఫార్మసిస్టు సగం పూట జీతం కన్నా ఎక్కువే ఉంది. జూన్‌లో పక్క ఊరి డి.ఫార్మ్ అమ్మాయిని సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిన్నర దాకా పెట్టుకున్నారు, నెలకు 11,000. ఆమె పేరు రెండో ఫార్మసిస్టుగా చేర్చమని అపాయింట్‌మెంట్ లెటర్, రిజిస్ట్రేషన్ కాపీతో చేరిన వారంలోనే దరఖాస్తు పెట్టాం. హెచ్1 రిజిస్టర్ ఇప్పుడు ఇద్దరి చేతిరాతలో నడుస్తోంది. ఆర్ఎంపీల ఖాతాలు మూసేశారు, దాంతో అమ్మకం కొంత తగ్గిందని చిన్న కొడుకు ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా గుర్తు చేస్తాడు.